ఈతకి క్రెడిట్, బ్యాడ్మింటన్‌కి గ్రేడు: యూనివర్సిటీ వ్యాయామ క్లాసుల లెక్క ఎలా నడుస్తుంది

ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే చదివిన కోర్సులూ గ్రేడులూ ఉండే జాబితాలో, లీనియర్ ఆల్జీబ్రా కింద వరసలోనే "బ్యాడ్మింటన్, 1 క్రెడిట్, ఏ గ్రేడ్" అని ఉంటే చూసినవాళ్ళలో కొందరు నవ్వుతారు, ఆడుకున్నందుకు కూడా మార్కులా అని. ఇంకొందరు అసూయపడతారు, మాకెందుకు లేదిది అని. ఆ క్లాసు తీసుకున్న విద్యార్థిని అడిగితే ఇంకో రకం జవాబు వస్తుంది: "క్రెడిట్ అయితే ఇచ్చారు గానీ డిగ్రీలో లెక్కలోకి రాలేదు, నాకు చివరి సెమిస్టర్లో తెలిసింది."

ఈ మూడో మాటలోనే అసలు చిక్కుముడి ఉంది. వ్యాయామ క్లాసులకి క్రెడిట్ ఇవ్వాలా వద్దా అని వాదించుకునేవాళ్ళు చాలాసార్లు ఒకే విషయం గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటారు. కానీ క్రెడిట్ అనే మాట కనీసం మూడు వేరే పద్దుల్లో పనిచేస్తుంది. ఎన్ని గంటలు పనిచేశావన్నది ఒకటి, డిగ్రీకి కావలసిన మొత్తంలో అది కలుస్తుందా అన్నది రెండోది, సగటు గ్రేడు మీద దాని ప్రభావం ఉంటుందా అన్నది మూడోది. ఒకే క్లాసు ఒక పద్దులో ఉండి మిగతా రెండింట్లో లేకపోవచ్చు. అది తెలిస్తే సగం గొడవ తీరుతుంది, మిగతా సగం మాత్రం నిజంగానే గొడవ, అక్కడికి తర్వాత వద్దాం.

## ముందు, ఏ క్లాసుల గురించి మాట్లాడుతున్నాం

ఇక్కడ చెప్పేది ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీ గురించి కాదు. కండరాలు ఎలా పనిచేస్తాయి, గాయం తర్వాత మళ్ళీ నడక ఎలా నేర్పాలి లాంటివి చదివే కైనీసియాలజీ కోర్సులకి క్రెడిట్ ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అవి పుస్తకాలూ పరీక్షలూ ల్యాబులూ ఉన్న మామూలు సబ్జెక్టులే. యూనివర్సిటీ జట్టులో ఆడటం వేరు, సాయంత్రం జిమ్‌కి వెళ్ళి రావడం వేరు. మనం మాట్లాడేది యాక్టివిటీ క్లాసుల గురించి: ఈత, యోగా, టెన్నిస్, బరువులెత్తడం, జూడో, డాన్స్, పరుగు. ఏ బ్రాంచి విద్యార్థి అయినా పేరు నమోదు చేసుకుని, సెమిస్టరంతా వారానికి రెండుసార్లు వెళ్ళి, చివర్లో ఒక గ్రేడో పాస్ అనే మాటో తెచ్చుకునే క్లాసులు.

వీటిలో కొన్ని కంపల్సరీ, కొన్ని ఇష్టం. కంపల్సరీ అంటే క్రెడిట్ ఉంటుందనీ, క్రెడిట్ ఉంటే కంపల్సరీ అనీ చాలామంది కలిపేస్తారు. నిజానికి క్రెడిట్ సున్నా ఉండి కూడా పాసవకపోతే పట్టా ఆగిపోయే క్లాసులుంటాయి. క్రెడిట్ ఉండీ తీసుకోకపోతే అడిగే దిక్కులేని క్లాసులూ ఉంటాయి.

## మొదటి పద్దు: క్రెడిట్ అంటే గంటలు

క్రెడిట్ జ్ఞానాన్ని కొలవదు, సమయాన్ని కొలుస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ ప్రొఫెసర్ల పెన్షన్ల వ్యవహారం చూస్తూ, ఏది కాలేజీ ఏది కాదు అని తేల్చడానికి ఒక కొలబద్ద కావాలనుకుంది. దాన్నుంచి వచ్చిందే కార్నెగీ యూనిట్, ఎంత సేపు చదివావు అన్నదాన్ని బట్టి చదువును లెక్కపెట్టే పద్ధతి. పెన్షన్ లెక్క కోసం పుట్టిన కొలత ఇవాళ ఈతని కొలుస్తోంది, అదో విచిత్రం.

ఇప్పటి అమెరికా ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి బయట కనీసం రెండు గంటల పని. ల్యాబు, స్టూడియో లాంటి వాటికి వేరే పంపకం ఉండొచ్చు గానీ మొత్తం పని అంతకి సమానంగా ఉండాలి. యూరప్‌లో వాడే ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సొంతంగా చదివేదీ కలుపుకుని 25 నుంచి 30 గంటలు, ఏడాదికి 60 క్రెడిట్లు. మన యూజీసీ 2022 డిసెంబర్లో ఇచ్చిన డిగ్రీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం థియరీ అయితే వారానికి ఒక గంట, ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలు, 15 వారాలు చేస్తే ఒక క్రెడిట్.

ఇప్పుడు అమెరికా లెక్కే తీసుకుందాం. ఒక క్రెడిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటల ఇంటిపని, మొత్తం మూడు. 15 వారాలకి 45 గంటలు. అక్కడ క్లాసు గంట అంటే మామూలుగా 50 నిమిషాలే, కాబట్టి అన్నిటినీ ఆ లెక్కనే చూస్తే 2250 నిమిషాలు. టెన్నిస్ క్లాసు వారానికి రెండు సార్లు, ఒక్కోసారి 75 నిమిషాలు జరిగిందనుకోండి. వారానికి 150 నిమిషాలు, 15 వారాలకి 2250 నిమిషాలు. సరిగ్గా సరిపోయింది! అంటే టెన్నిస్‌కి ఇంటిపని లేదు కాబట్టి ఆ పనంతా కోర్టులోనే చేయించేస్తున్నారన్నమాట. మూడు క్రెడిట్ల థియరీ కోర్సు కూడా చాలాచోట్ల వారానికి ఇదే 150 నిమిషాలు జరుగుతుంది, కానీ దానికి మూడు, దీనికి ఒకటి. "వాళ్ళు ఆడుకుని క్రెడిట్ కొట్టేస్తున్నారు" అనేవాళ్ళకి ఈ తేడా చూపించాలి. గంటల లెక్కలో అయితే వ్యాయామ క్లాసులో మోసమేమీ లేదు, అది ల్యాబులాంటిదే. కెమిస్ట్రీ ల్యాబులో మూడు గంటలు నిలబడి ఒక క్రెడిట్ తెచ్చుకున్నవాళ్ళకి ఈ బాధ తెలుసు.

## రెండో పద్దు: ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంది, డిగ్రీలో ఉందా?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కార్నెల్ యూనివర్సిటీలో విద్యార్థులు రెండు వ్యాయామ క్రెడిట్లు చెయ్యాలన్న రూలుంది. కానీ అక్కడి ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో అవి కలవవు. కంపల్సరీనే, క్రెడిట్ అనే పేరూ ఉంది, అయినా మొత్తానికి కలపరు. ఎంఐటీలో అయితే ఈ గందరగోళమే వద్దని పేరే మార్చేశారు: అక్కడ వ్యాయామ క్లాసులకి పాయింట్లిస్తారు, నాలుగు క్లాసులకి ఎనిమిది పాయింట్లు, దానికి తోడు ఈత వచ్చని నిరూపించుకోవాలి లేదా ఈత క్లాసు చెయ్యాలి. చదువుకి యూనిట్లు, వ్యాయామానికి పాయింట్లు, రెండూ వేర్వేరు సంచుల్లో. (ఆ క్లాసుల్లో విలువిద్య, కత్తిసాము, తుపాకీ గురి, తెరచాప పడవ నడపటం నాలుగూ పూర్తిచేస్తే అక్కడ సరదాగా పైరేట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానికి డిగ్రీతో ఏ సంబంధమూ లేదు, అయినా దానికోసం పోటీపడేవాళ్ళున్నారు.)

యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌లో ఇంకో ఏర్పాటు. కోర్సుల పట్టికలో పీఈ (ఫిజికల్ ఎడ్యుకేషన్) యూనిట్లను బ్రాకెట్లలో వేస్తారు, మిగతావాటితో కూడరు. ఆ దేశంలో డిగ్రీ విద్యార్థులు నాలుగు పీఈ కోర్సులు, ఒక్కొక్కటి రెండు యూనిట్ల చొప్పున చెయ్యాలి. చెయ్యకపోతే పట్టా లేదు, చేస్తే మాత్రం బ్రాకెట్లోనే ఉండు అంటారు. నాకైతే ఈ బ్రాకెట్లే ప్రపంచంలో వ్యాయామ క్లాసుల స్థితికి సరైన బొమ్మలా అనిపిస్తాయి, ఇంట్లోకి రానిచ్చి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

దీనికి పూర్తి భిన్నం మన యూజీసీ ఫ్రేమ్‌వర్క్. మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళకి 160 క్రెడిట్లు పెట్టి, అందులో 6 నుంచి 8 క్రెడిట్లు వాల్యూ యాడెడ్ కోర్సులకి కేటాయించింది. ఆరోగ్యం, యోగా, క్రీడలు, ఫిట్‌నెస్ ఆ బుట్టలోవే. ఇక్కడ క్రెడిట్ అంటే నిజంగా డిగ్రీ లోపలి క్రెడిట్. ఎన్‌సీసీని కూడా క్రెడిట్లున్న ఎలెక్టివ్‌గా (విద్యార్థి ఇష్టపడి ఎంచుకునే కోర్సుగా) ఇవ్వొచ్చని 2021లోనే యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది. అయితే అదే బుట్టలో పర్యావరణం, రాజ్యాంగం, డిజిటల్ కోర్సులు కూడా ఉన్నాయి కాబట్టి, విద్యార్థికి మైదానం దాకా వచ్చే అవకాశం ఎంత అన్నది కాలేజీ ఆ బుట్టని ఎలా పంచిందన్న దాని మీద ఉంటుంది.

ఈ రెండు కొసల మధ్య మూడో రకం ఒకటుంది, పరిమితి పెట్టడం. వ్యాయామ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి గానీ ఇన్నింటికి మించి కలవవు, లేదా ఒకే క్లాసు రెండోసారి చేస్తే కలవదు అంటారు. ఉదాహరణకి పరిమితి నాలుగు అనుకుందాం. ఒక అమ్మాయి ఎనిమిది సెమిస్టర్లూ ఒక్కో క్రెడిట్ ఈత చేసింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎనిమిది కనిపిస్తాయి, డిగ్రీకి ఏవి కలిశాయో చూసే డిగ్రీ ఆడిట్‌లో నాలుగే. 120 అయ్యాయని సంబరపడి చూస్తే 116. చివరి సెమిస్టర్లో టెన్షన్ పడేది ఇలాంటివాళ్ళే. రూలు మొదటి రోజు నుంచీ ఉంది, కానీ ట్రాన్‌స్క్రిప్ట్ ఒక మొత్తం చూపిస్తుంది, ఆడిట్ ఇంకో మొత్తం చూపిస్తుంది, మనం సహజంగా పెద్ద అంకెనే నమ్ముతాం.

## మూడో పద్దు: సగటు పెరుగుతుందా?

"ఈజీ ఏ" అనే పేరు ఈ క్లాసులకి ఎప్పుడూ ఉంది. అది నిజమో కాదో లెక్క వేసి చూస్తే సరి.

పది పాయింట్ల పద్ధతిలో ఒక సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, సగటు 7.5 అనుకోండి. అంటే 150 పాయింట్లు. దానికి రెండు క్రెడిట్ల యోగా కలిపి 10 తెచ్చుకుంటే 170ని 22తో భాగించాలి, 7.73 వస్తుంది. ఆ సెమిస్టర్ వరకూ బాగానే ఉంది. కానీ నాలుగేళ్ళ డిగ్రీ మొత్తం చూడండి: 158 క్రెడిట్లు 7.5 చొప్పున 1185, యోగాకి 20, మొత్తం 1205. 160తో భాగిస్తే 7.53. మూడు వందో వంతులు. దీనికోసం పొద్దున్నే ఆరింటికి లేచేవాళ్ళెవరూ ఉండరు.

ఇదే లెక్కని తిరగేసి చూడండి. యోగా తేలికే కదా అని సరిగా వెళ్ళక, హాజరు చాలక సున్నా వచ్చిందనుకోండి. 150ని 22తో భాగిస్తే ఆ సెమిస్టర్ సగటు 6.82. పైకి 0.23 మాత్రమే పోయేది, కిందికి 0.68 పడింది. అంటే గ్రేడు ఉన్న వ్యాయామ క్లాసు మంచి గ్రేడున్నవాడికి చేసే మేలు కన్నా, నిర్లక్ష్యం చేసినవాడికి చేసే చెడు మూడింతలు. ఈజీ అన్న పేరే ఇక్కడ ఉచ్చు.

ఈ గొడవ తప్పించడానికే చాలా చోట్ల పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే ఇస్తారు, సగటులో కలపరు. అప్పుడు 7.5 అలాగే 7.5గా ఉంటుంది. దీనికీ ఒక ఖరీదుంది: గ్రేడు లేని దాని మీద పరీక్షల వారంలో ఎవరికీ శ్రద్ధ ఉండదు, ముందు ఎగ్గొట్టేది ఆ క్లాసే.

## వీళ్ళందరూ అసలెందుకు మొదలుపెట్టారు

19వ శతాబ్దం మధ్యలో అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో విద్యార్థుల ఆరోగ్యం దెబ్బతింటోందని అధ్యక్షుడు విలియం స్టెర్న్స్ ఆందోళనపడ్డాడు. 1860లో అక్కడ ఆరోగ్యానికీ వ్యాయామానికీ కలిపి ఒక విభాగం పెట్టారు, 1861లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే డాక్టర్ దాన్ని చేపట్టి 1911లో చనిపోయేదాకా నడిపాడు. వ్యాయామం చేయించడమే కాదు, ఆయన విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ కొలిచి ఏళ్ళ తరబడి పట్టికలు రాశాడు. విద్యార్థి శరీరాన్ని కాలేజీ కొలవడం ఈ కథలో తర్వాత కూడా వస్తుంది, గుర్తుంచుకోండి.

1920ల నాటికి అమెరికాలో నాలుగేళ్ళ కాలేజీల్లో 97 శాతం వ్యాయామాన్ని కంపల్సరీ చేశాయి. 2012లో అచ్చయిన ఒక సర్వేలో 354 సంస్థల్ని చూస్తే అది 39.55 శాతానికి పడిపోయింది. అంతమంది వదిలేయడానికి ఒక్క కారణం చెప్పలేం గానీ, కంపల్సరీ సబ్జెక్టులంటేనే విద్యార్థులకీ కాలేజీలకీ మోజు తగ్గడం, డబ్బు, మైదానాలు, ఆ గంటలు మా సబ్జెక్టుకి ఇమ్మనే ఇతర విభాగాలు, అన్నీ కలిశాయి. జపాన్‌లో ఇది ఒక్క సంస్కరణతో జరిగింది: అంతకుముందు యూనివర్సిటీ విద్యార్థులందరికీ ఆరోగ్య, వ్యాయామ విద్యలో నాలుగు క్రెడిట్లు తప్పనిసరి, 1991 తర్వాత పెట్టుకోవాలో వద్దో ఎవరికి వాళ్ళే తేల్చుకోమన్నారు.

చైనా తోవ వేరు. అక్కడ డిగ్రీ మొదటి రెండేళ్ళలో 144 గంటల వ్యాయామ క్లాసులు ఉండాలి. 2014 నాటి ప్రమాణాల ప్రకారం ఫిట్‌నెస్ పరీక్షలో 50కి తక్కువ వస్తే పూర్తి పట్టా కాకుండా కోర్సు ముగించినట్టు సర్టిఫికెట్ మాత్రమే. 2017లో బీజింగ్‌లోని సింగ్‌హువా యూనివర్సిటీ కొత్తగా చేరేవాళ్ళకి ఈత వస్తేనే పట్టా అని ప్రకటించింది.

ఈత మాటొచ్చింది కాబట్టి ఒక పుకారు సంగతి. హార్వర్డ్‌లో ఈత పరీక్ష ఎందుకు పెట్టారంటే, టైటానిక్‌లో కొడుకుని పోగొట్టుకున్న ఎలినార్ వైడ్నర్ అనే ఆవిడ లైబ్రరీకి డబ్బిస్తూ ఆ షరతు పెట్టిందని చెప్పుకుంటారు. కొడుకు 1912లో పోయిన మాట నిజం, లైబ్రరీ ఇచ్చిన మాట నిజం, షరతు మాత్రం కట్టుకథ. కొలంబియాలో ఇంకోటి: కాలేజీ విద్యార్థులకి ఈత పరీక్ష పెట్టి అదే క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ వాళ్ళకి ఎందుకు పెట్టలేదంటే, మన్‌హట్టన్ మీద శత్రువులు పడితే వాళ్ళు వంతెన కట్టుకుని పోతార్లే అని. కంపల్సరీకి కారణం కనిపించకపోతే మనుషులు కథలు అల్లుకుంటారు.

## అసలు దేనికి గ్రేడు వేస్తున్నట్టు?

నా లెక్కలో కష్టమైన ప్రశ్న ఇదే. గంటలు, క్రెడిట్లు ఆఫీసు తేల్చేస్తుంది. కానీ ఒక మనిషి పరుగుకి బీ ఎందుకు, ఏ ఎందుకు అన్నది మైదానంలో విజిల్ పట్టుకున్నవాళ్ళు తేల్చాలి, అక్కడ తప్పించుకోవడానికి లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలవు అన్నది పాత పరీక్ష, 1968లో కెన్నెత్ కూపర్ అనే డాక్టర్ ప్రచారంలోకి తెచ్చాడు, అందుకే కూపర్ టెస్ట్ అంటారు. క్లాసులో కిరణ్ స్కూల్ నుంచీ అథ్లెట్, మొదటి వారం 2600 మీటర్లు, చివరి వారం 2650. సుధ ఎప్పుడూ పరిగెత్తలేదు, మొదటి వారం 1400, చివరికి 1800.

చివరి దూరాన్ని బట్టి గ్రేడు వేస్తే కిరణ్‌కి ఏ, సుధకి సీ. కిరణ్ ఈ సెమిస్టర్లో నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు, స్కూల్లో పడిన కష్టానికి ఇప్పుడు కాలేజీ గ్రేడు ఇస్తోంది. సరే, మెరుగుదలని బట్టి వేద్దాం అంటారా. సుధ 400 మీటర్లు పెంచింది, కిరణ్ 50. సుధకి ఏ. ఇది న్యాయంగానే ఉంది గానీ రెండో ఏడాది నుంచీ ఏమవుతుందో ఊహించండి: ఈ రూలు తెలిసిన కిరణ్ లాంటివాళ్ళు మొదటి వారం పరీక్షలో షూ లేసు కట్టుకుంటూ, ఆయాసం నటిస్తూ 1500 దగ్గర ఆగిపోతారు. చివర్లో 2600 పరిగెత్తి క్లాసులో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన మహానుభావులవుతారు. పైగా బాగా ఫిట్‌గా ఉన్నవాడికి 50 మీటర్లు పెంచడం ఎంత కష్టమో, మొదలుపెట్టేవాళ్ళకి 400 పెంచడం అంత కష్టం కాదు, కాబట్టి ఈ కొలతా సరైంది కాదు.

అందుకని చాలామంది హాజరు దగ్గర ఆగిపోతారు. వచ్చావా, డ్రెస్ మార్చుకున్నావా, చెప్పింది చేశావా, అయితే ఏ. ఇది ఎవరినీ అవమానించదు, నటనకి చోటు తక్కువ. కానీ విమర్శకులు అడిగే ప్రశ్న కూడా ఇక్కడే మొదలవుతుంది: హాజరుకే గ్రేడు అయితే అది చదువెలా అవుతుంది? ఫిజిక్స్ క్లాసులో రోజూ కూర్చున్నందుకు ఏ ఇస్తారా? వ్యాయామ అధ్యాపకులు దీనికి చెప్పే జవాబు కొంచెం వినదగ్గదే. ఫిజిక్స్‌లో కూర్చోవడం నేర్చుకోవడం కాదు, కానీ ఈతలో నీళ్ళలోకి దిగడమే నేర్చుకోవడంలో పెద్ద భాగం అంటారు. సగం ఒప్పుకుంటాను. నీళ్ళలోకి దిగి గట్టు పట్టుకుని కబుర్లు చెప్పినవాడికి కూడా హాజరు పడుతుంది కదా.

నైపుణ్యం కొలవడం ఇంకో దారి. సర్వ్ పదిలో ఎన్నిసార్లు గీత లోపల పడింది, వెల్లకిలా ఎంతసేపు తేలగలవు, బరువెత్తేటప్పుడు నడుము సరిగా ఉంచావా లేదా. సంగీతం, చిత్రలేఖనం, నర్సింగ్ ప్రాక్టికల్స్‌లో ఇలాగే వేస్తారు, అక్కడ ఎవరూ నవ్వరు. దీనికి తోడు కొందరు చిన్న రాత పరీక్ష పెడతారు: వార్మప్ ఎందుకు, మీ నాడి వేగం ఎంతలో ఉండాలి, వారం ప్రణాళిక ఎలా వేసుకోవాలి. చేత్తో చేసి చూపించేది కొంత, తలకెక్కింది కొంత, వచ్చినందుకు కొంత, అలా కలిపి వేసేవాళ్ళు ఎక్కువ. దీన్లో లోపం లేదని కాదు, లోపాలు పంచుకున్నట్టు.

## కంపల్సరీ చెయ్యాలా: రెండు వైపులా బలమైన మాటలే

కావాలనేవాళ్ళు మొదట చెప్పేది అలవాటు గురించి. ఇల్లు వదిలి, సొంతంగా లేవడం, తినడం, పడుకోవడం మొదలయ్యే వయసు ఇది, అప్పుడు పడిన అలవాటు నిలుస్తుంది అంటారు. రెండోది సమానత్వం. ఈతకొలను, టెన్నిస్ కోర్టు చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళు ఎలాగూ ఆడతారు, ఎప్పుడూ చూడనివాళ్ళకి కాలేజీలో తప్పనిసరి చెయ్యకపోతే జీవితంలో ఆ గుమ్మం దాటరు. ఇష్టం ఉన్నవాళ్ళకే అంటే, ఇప్పటికే బాగా ఉన్నవాళ్ళకే క్లాసు పెట్టినట్టు. ఈత విషయంలో అయితే ఇంకో మాట అక్కర్లేదు, అది ప్రాణానికి సంబంధించిన నైపుణ్యం.

వద్దనేవాళ్ళు ఫీజు నుంచి మొదలుపెడతారు. క్రెడిట్‌కి ఇంత అని కట్టేచోట నేను డబ్బు పెట్టి నడవాలా అని. తర్వాత స్వేచ్ఛ: పెద్దవాళ్ళం, మా ఒంటి గురించి మాకు చెప్పేదేమిటి. మూడో అభ్యంతరమే నాకు బరువుగా అనిపిస్తుంది. స్కూల్లో పరుగులో ఎప్పుడూ చివరికొచ్చి అందరి ముందూ నవ్వులపాలైనవాళ్ళకి మళ్ళీ అదే క్లాసు పెడితే అలవాటు పడదు సరికదా, విరక్తి ముదురుతుంది.

ఈ అభ్యంతరం ఎంత దూరం వెళ్ళగలదో 2009లో పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీలో కనిపించింది. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 30 దాటిన విద్యార్థులు ఒక ఫిట్‌నెస్ క్లాసు చేస్తేనే పట్టా అని అక్కడ రూలుండేది. 2006లో చేరిన బ్యాచ్ పట్టాల దగ్గరికొచ్చేసరికి అది వార్తల్లోకెక్కి పెద్ద దుమారమైంది, ఆ డిసెంబర్‌లోనే నిబంధన తీసేశారు. గమనించండి, అదే క్లాసు అందరికీ పెట్టి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. కొందరిని తూకం వేసి వేరుచేయడంతో వ్యాయామం శిక్షగా మారింది. ఓక్లహోమాలోని ఓరల్ రాబర్ట్స్ యూనివర్సిటీ 2016లో కొత్త విద్యార్థులు నడకనీ గుండె వేగాన్నీ లెక్కపెట్టే ఫిట్‌బిట్ చేతికి పెట్టుకోవాలని, అందులో నమోదైనవి గ్రేడులో కలుస్తాయని అంది. అందరికీ ఒకటే రూలు, కానీ రాత్రింబవళ్ళు చేతికున్న యంత్రం సమాచారం కాలేజీకి వెళ్ళడమేమిటని ప్రశ్నలు వచ్చాయి. హిచ్‌కాక్ పట్టికలు గుర్తున్నాయా, చేతిలో టేపు పోయి మణికట్టుకి పట్టీ వచ్చింది.

యంత్రాలతో కొలిస్తే యంత్రాన్నే మోసం చేస్తారు. చైనా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి ఇన్ని కిలోమీటర్లు పరిగెత్తాలని ఫోన్ యాప్‌తో లెక్కపెట్టడం మొదలయ్యాక, డబ్బిచ్చి ఇంకొకరి చేత పరుగు పెట్టించుకునే వ్యాపారం పుట్టింది. ఒకే మనిషి నాలుగు ఫోన్లు జేబుల్లో వేసుకుని పరిగెత్తితే నలుగురికి హాజరు. అతను మాత్రం మంచి ఫిట్‌గా తయారై ఉంటాడు.

## పనిచేస్తుందా అన్న ప్రశ్న ఎందుకు తెగదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు వ్యాయామం చెయ్యాలి, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా చెయ్యాలి, రెండు రోజులైనా కండరాలకి పని చెప్పాలి. ఇందాక మనం లెక్కేసిన టెన్నిస్ క్లాసు వారానికి సరిగ్గా 150 నిమిషాలే. అబ్బ, సరిపోయిందే అనిపిస్తుంది. కానీ అందులో హాజరుకి ఐదు నిమిషాలు, సూచనలకి పది, నెట్లు కట్టడం, బంతులేరడం, కోర్టు ఖాళీ అయ్యేదాకా లైన్లో నిలబడటం తీసేస్తే నిజంగా కదిలింది సగమో ముప్పావో. పైగా సెమిస్టర్ 15 వారాలు, ఏడాదికి 52.

కాబట్టి క్లాసు వల్ల నేరుగా వచ్చే వ్యాయామం కన్నా, క్లాసు అయిపోయాక మిగిలే అలవాటే ముఖ్యం. దాన్ని కొలవడం కష్టం. ఇష్టపడి ఈ క్లాసు తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళ తర్వాత మిగతావాళ్ళ కన్నా చురుగ్గా ఉన్నారని ఎవరైనా చూపిస్తే, మంచిదే, కానీ వాళ్ళు ముందే అలాంటివాళ్ళు కాబట్టే క్లాసు తీసుకున్నారేమో! లైబ్రరీకి వెళ్ళేవాళ్ళకి మంచి మార్కులొస్తున్నాయి కాబట్టి లైబ్రరీ భవనంలో మహిమ ఉందన్నట్టుంటుంది. కంపల్సరీ ఉన్న కాలేజీనీ లేని కాలేజీనీ పోల్చుదామంటే ఆ రెండు కాలేజీలకీ మైదానాల నుంచి విద్యార్థుల నేపథ్యం దాకా వంద తేడాలుంటాయి. అందుకే రెండు పక్షాలూ ఎవరికి నచ్చిన ఆధారం వాళ్ళు చూపిస్తుంటారు.

## రూలు పుస్తకం చివరి పేజీల్లో ఉండేవి

వైకల్యం ఉన్నవాళ్ళు, గాయం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, వీళ్ళకి చాలాకాలం ఒకటే దారి ఉండేది, డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చి మినహాయింపు తీసుకోవడం. మినహాయింపు దయలాగే కనిపిస్తుంది, కానీ అది నువ్వు ఇంట్లో ఉండు అని చెప్పడం కూడా. ఇప్పుడు చాలాచోట్ల సర్దుబాటు చేసిన క్లాసులు పెడుతున్నారు, వీల్‌చైర్ టెన్నిస్, నీళ్ళలో వ్యాయామం, కూర్చుని చేసే యోగా. క్రెడిట్ అదే, గ్రేడు వేసే కొలత వేరు. కొలత అందరికీ ఒకటే ఉండాలని పట్టుబట్టేవాళ్ళు ఇక్కడికొచ్చి కాస్త తడబడతారు.

డబ్బు సాయం రూలు ఇంకోటి, అమెరికాలో చదివేవాళ్ళకి ఇది బాగా తగులుతుంది. ఫెడరల్ సాయం లెక్కలో డిగ్రీకి పనికొచ్చే కోర్సుల్నే పరిగణిస్తారు. పూర్తి సమయ విద్యార్థి అనిపించుకోవడానికి సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు కావాలి. ఒకడు 11 క్రెడిట్ల చదువుకి ఒక క్రెడిట్ బౌలింగ్ కలిపి 12 చేశాడనుకోండి. అతని డిగ్రీలో ఎలెక్టివ్ ఖాళీలు ముందే నిండిపోయి ఉంటే ఆ బౌలింగ్ డిగ్రీకి పనికిరాదు, సాయం లెక్కలో అతను 11 దగ్గరే ఆగిపోతాడు. ట్రాన్‌స్క్రిప్ట్ 12 అంటుంది, ఎయిడ్ ఆఫీసు 11 అంటుంది, ఇద్దరిదీ కరెక్టే.

కాలేజీ మారినప్పుడు కూడా ఇంతే. ఇక్కడ డిగ్రీలో కలిసిన రెండు యోగా క్రెడిట్లు అక్కడికి వెళ్ళేసరికి ఖాళీ ఎలెక్టివ్‌గా దిగొచ్చు, వ్యాయామ షరతు తీరినట్టు రాసి క్రెడిట్ సున్నా వెయ్యొచ్చు, లేదా మా ఈత పరీక్ష వేరే ఉంది, వచ్చే బుధవారం కొలను దగ్గరికి తువ్వాలు తెచ్చుకో అనొచ్చు.